పిల్లల సైకిల్: టేపు పట్టుకుని షాపుకెళ్ళండి

షాపులో మొదట అడిగేది "బాబుకి ఎన్నేళ్ళండీ?" అనే. ఐదు అనగానే 16 అంగుళాల సైకిల్ బయటికి లాగుతారు. పెట్టెల మీద కూడా ఇంచుమించు ఇదే లెక్క ఉంటుంది: రెండు నుంచి నాలుగేళ్ళకు 12 అంగుళాలు, మూడు నుంచి ఐదుకు 14, నాలుగు నుంచి ఏడుకు 16, ఆ పైన 20. కానీ ఒకే క్లాసులో కూర్చునే ఐదేళ్ళ పిల్లల ఎత్తులో పది సెంటీమీటర్ల తేడా మామూలే. పైగా ఇంట్లో పెద్దవాళ్ళెవరో ఒకరు "ఎదిగే పిల్లాడు, ఒక సైజు పెద్దదే తీసుకోండి" అంటారు. మధ్యరకం ధరలో, అంటే 16 అంగుళాలకు ఆరేడు వేల నుంచి పది వేల దాకా పెట్టి కొన్న సైకిళ్ళు ఆర్నెల్లు బాల్కనీలో దుమ్ము కొట్టుకుపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఈ మాటే. కాళ్ళు నేలకందని సైకిలంటే పిల్లలకు భయం. ఒకసారి భయపడితే మళ్ళీ ఎక్కించడం కష్టం.

కొలవాల్సింది కాలు. చెప్పులు విప్పించి, గోడకు వీపు ఆనించి నిలబెట్టండి. పాదాల మధ్య జానెడు కంటే తక్కువ ఎడం చాలు. గట్టి అట్ట పుస్తకం ఒకటి తీసుకుని, దాని ఒక అంచు గోడకు ఆనేలా కాళ్ళ మధ్య నుంచి పైకి జరపండి. సీటు మీద కూర్చున్నంత ఒత్తిడి తగలగానే ఆపి, పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవండి. ఐదేళ్ళ పిల్లలకు ఇది సుమారుగా 45 నుంచి 48 సెంటీమీటర్లు వస్తుంది.

ఇక షాపులో సైకిల్ సీటును పూర్తిగా కిందికి దించమని చెప్పి, సీటు పైభాగం నుంచి నేల దాకా టేపు పెట్టండి. మార్కెట్లో చాలా 16 అంగుళాల సైకిళ్ళ సీటు ఎంత దించినా 50 దాటే ఉంటుంది, కొన్ని 55 దగ్గర ఆగిపోతాయి. కాలు 46 ఉన్న పిల్లాడికి ఆ సైకిల్ ఇప్పటికి పనికిరాదు, పెట్టె మీద ఏ వయసు రాసి ఉన్నా సరే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు సీటు ఎత్తు కాలి కొలత కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువగా ఉండాలి, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి. నేర్చుకున్నాక కాలి కొలత కంటే నాలుగైదు సెంటీమీటర్లు పైకి లేపొచ్చు, మునివేళ్ళు ఆనితే చాలు. సైకిల్ మధ్యలో కాళ్ళు చెరో పక్క పెట్టి నిలబడినప్పుడు కూడా పై పైపుకీ శరీరానికీ మధ్య కనీసం మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా చూడండి.

"మరి ఏడాదికే చిన్నదైపోతుంది కదా" అనే బెంగకు మందు సీటు కింది గొట్టంలో ఉంది. సీట్ పోస్ట్ పొడవుగా ఉన్న సైకిల్ పిల్లాడితోపాటు రెండు మూడేళ్ళు ఎదుగుతుంది. సీటు బాగా కిందికి దిగాలి, బాగా పైకి లేవాలి. దిగువ ఎత్తుకీ ఎగువ ఎత్తుకీ మధ్య 12 సెంటీమీటర్లకు తక్కువ లేని సైకిల్ చూసుకోండి. సీట్ పోస్ట్ మీద ఒక గీత చెక్కి ఉంటుంది. అది ఎప్పుడూ ఫ్రేము లోపలే ఉండాలి, బయటికి కనపడితే పోస్ట్ వంగిపోతుంది, లేదా ఫ్రేము దగ్గర చీలుతుంది. షాపువాళ్ళిచ్చిన పోస్ట్ పొట్టిగా ఉంటే అదే లావున్న పొడుగు పోస్ట్ విడిగా దొరుకుతుంది. పాతది చేత్తో పట్టుకెళ్ళండి, ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా కుదరదు. మరీ పొడుగైతే పూర్తిగా దిగదు, కాబట్టి మొదటి ఏడాది పొట్టిదే ఉంచుకుని తర్వాత మార్చడం మేలు.

సైజు తర్వాత చూడాల్సింది బరువు. మన దగ్గర మామూలు ఇనప ఫ్రేము 16 అంగుళాల సైకిల్ తొమ్మిది నుంచి పదకొండు కిలోలు తూగుతుంది. పదిహేడు కిలోల పిల్లాడికి పది కిలోల సైకిలంటే, అరవై కిలోల పెద్దమనిషికి ముప్పై ఐదు కిలోల సైకిల్ ఇచ్చినట్టు. ఏడు ఎనిమిది కిలోల్లో దొరికితే రెండు వేలు ఎక్కువైనా పెట్టొచ్చు. మధ్యరకం బడ్జెట్లో అదనపు డబ్బుకు నిజమైన ఫలితం కనిపించేది ఇక్కడే. ప్రయాణాల్లో సూట్‌కేస్ తూచే కొక్కెం కాటా ఇంట్లో ఉంటే షాపుకు తీసుకెళ్ళండి. "అల్లాయ్" (అంటే అల్యూమినియం మిశ్రమం) అని స్టిక్కరున్న వాటికి ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి ఆనించి చూడండి. అంటుకుంటే అది ఇనుమే. చాలాసార్లు రిమ్ములు మాత్రమే అల్లాయ్, ఫ్రేము ఇనుము. అదేం మోసం కాదు, కానీ ఆ సంగతి తెలిసి కొనాలి.

బరువెక్కడ పెరుగుతుందో చూస్తే అనవసరమైనవేవో తెలిసిపోతాయి. ముందు షాకబ్జార్బర్ అనే పేరుతో వచ్చే స్ప్రింగు ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే భాగం) ఆ పిల్లాడి బరువుకు కదలనే కదలదు. దానివల్ల కలిసేది ఒక కిలో ఇనుము మాత్రమే. 2.40 అంగుళాల లావు టైర్లు చూడ్డానికి బుల్లెట్‌లా ఉంటాయి గానీ తొక్కడానికి బరువు. ఈ సైజులో 1.75 నుంచి 2.0 చాలు. చవక డిస్క్ బ్రేకులు నెల తిరగకుండా పళ్ళెం వంగి రుద్దుకుంటూ ఉంటాయి, పిల్లాడు తొక్కలేక ఆయాసపడుతుంటే బద్ధకం అనుకుంటాం. ఆరేళ్ళలోపు వాళ్ళకు గేర్లు అక్కర్లేదు. ముందు బుట్ట, వెనక బొమ్మ సీటు, రంగు కుచ్చులు మీ ఇష్టం. పిల్లల ఓటు మాత్రం ఎప్పుడూ వాటికే పడుతుంది.

ఎవరూ చూడనిది ఒకటి ఉంది: పళ్ళ చక్రం. పెడళ్ళ దగ్గరున్న పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కు ఎన్ని పళ్ళు లెక్కపెట్టండి. ముందు 28, వెనక 16 అయితే 16 అంగుళాల సైకిల్ పెడల్ ఒక పూర్తి చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు పోతుంది, ఈ వయసుకు సరిగ్గా సరిపోతుంది. ముందు 36 ఉంటే దాదాపు 2.8 మీటర్లు పోతుంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఆగిన చోటి నుంచి మొదటి తొక్కు వేయడానికి పిల్లాడి బలం చాలదు, ఫ్లైఓవర్ పక్క సర్వీసు రోడ్డు లాంటి చిన్న ఎత్తుకే దిగి నెట్టుకుంటూ వస్తాడు.

బ్రేకుల పరీక్ష పెద్దవాళ్ళ చేత్తో చేస్తే లాభం లేదు. పిల్లాణ్ణి కూర్చోబెట్టి, హ్యాండిల్ వదలకుండా చూపుడువేలు, నడిమివేలు లీవరుకు అందుతున్నాయో లేదో చూడండి. వేలి మొదటి గెణుపు లీవరు మీద పడాలి. చాలా లీవర్లకు లోపలి వైపు చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని బిగిస్తే లీవరు హ్యాండిల్ దగ్గరకు జరుగుతుంది, తర్వాత కేబుల్ మళ్ళీ సరిచేయాలి. ఆ స్క్రూ లేని ప్లాస్టిక్ లీవరున్న సైకిల్ నా లెక్కలో పక్కన పెట్టాల్సిందే. బ్రేకుల్లో వీ-బ్రేకులు (చక్రానికి చెరో పక్క పొడుగు చేయి ఉండేవి) తక్కువ బలానికి ఎక్కువ పట్టు ఇస్తాయి. చక్రం పైన ఒకే బోల్టుకు బిగించే మామూలు కాలిపర్ బ్రేకులు కూడా ఫరవాలేదు, కానీ వానాకాలంలో తడిసిన క్రోమ్ ఇనప రిమ్ మీద ఏ రబ్బరూ సరిగా పట్టదు, అల్లాయ్ రిమ్ అయితే పడుతుంది. బ్రేకు రబ్బరు రిమ్‌కే తగలాలి, టైరుకు తగిలితే కొన్ని వారాల్లో టైరు పక్కగోడ కోసేస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒక మాట. అక్కడి చిన్న సైకిళ్ళకు పెడల్ వెనక్కి తొక్కితే ఆగే బ్రేకు ఉంటుంది, అక్కడి నిబంధనల వల్ల. పెడల్ వెనక్కి తిప్పి సరైన చోట పెట్టుకుని బయల్దేరడం దాంతో కుదరదు కాబట్టి మొదట్లో తికమక పడతారు. చేతి బ్రేకులు కూడా మనకు కుడిచేయి ముందు చక్రానికి, అక్కడ ఎడమచేయి. సెలవులకొచ్చి ఇక్కడ తాతగారింట్లో సైకిలెక్కే పిల్లలకు ఇది ముందే చెప్పాలి.

టైర్ల విషయంలో మన నేలకు తగ్గ ప్రశ్న తుమ్మముల్లు. ముళ్ళ భయంతో గాలి లేని గట్టి రబ్బరు టైర్ల వైపు చాలామంది మొగ్గుతారు. పంక్చర్ కాదు నిజమే, కానీ ప్రతి గతుకూ చేతుల్లోకి వస్తుంది, నున్నటి గచ్చు మీద, తడి టైల్స్ మీద జారుతుంది. ట్యూబు టైరే మంచిది. పంక్చరు వేసేవాళ్ళు ప్రతి సెంటర్లోనూ ఉన్నారు. కొత్త ట్యూబు కొనాల్సి వస్తే టైరు పక్కన అచ్చేసిన అంకెలు ఫోటో తీసుకెళ్ళండి. 47-305 లాంటి అంకెలో 305 రిమ్ వ్యాసం, మిల్లీమీటర్లలో. 16 అంగుళాల పేరుతోనే 349 రిమ్ కూడా ఉంది, దాని టైరు దీనికి ఎక్కదు. గాలి ఎంత కొట్టాలో కూడా టైరు మీదే రాసి ఉంటుంది. బరువు తక్కువ కాబట్టి పిల్లలకు అందులో కింది అంకె దగ్గర చాలు.

పక్క చక్రాలు దాదాపు అన్ని సైకిళ్ళతోనూ ఉచితంగా వస్తాయి. వాటితో తొక్కడం వస్తుంది గానీ బ్యాలెన్సు రాదు. మలుపులో సైకిల్ లోపలికి ఒరగాలి, పక్క చక్రం దాన్ని ఒరగనివ్వదు. రెండూ నేలకు ఆనేలా బిగిస్తే ఇంకో ప్రమాదం: గుంటలో వెనక చక్రం గాల్లో తేలుతుంది, అప్పుడు వెనక బ్రేకు వేసినా ఆగదు. తప్పనిసరైతే ఒక్కోటి నేల నుంచి ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి ఉండేలా బిగించండి. అంతకంటే మంచి పద్ధతి, పెడళ్ళు విప్పేసి, సీటు దించి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోనివ్వడం. రెండు కాళ్ళూ ఎత్తి పది పదిహేను మీటర్లు జారుతూ పోగలిగితే పెడళ్ళు బిగించవచ్చు. విప్పడానికి 15 నంబరు పానా సాధారణంగా సరిపోతుంది. కుడి పెడల్ మామూలు మరే, ఎడమ పెడల్‌ది తిరుగుడు మర, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే ఊడుతుంది. పెడల్ ఇరుసు చివర ఎల్, ఆర్ అక్షరాలుంటాయి. మళ్ళీ బిగించేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిరగాలి. చేత్తో తిరగనిదాన్ని పానాతో తిప్పితే క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) మర చెడిపోతుంది, ఆ తర్వాత పెడల్ ఎంత బిగించినా ఊడుతూనే ఉంటుంది.

ఆన్‌లైన్లో కొంటే సైకిల్ సగం విప్పి పెట్టెలో వస్తుంది. ఇంట్లో ఫిట్టింగ్ చేసుకున్నప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండటం. ఫోర్కు వంపు ముందుకు ఉండాలి, ముందు బ్రేకు ఫోర్కుకు ముందు వైపు రావాలి. తిరగేసి బిగిస్తే హ్యాండిల్ నిలకడగా ఉండదు, పాదం ముందు చక్రానికి తగులుతుంది. మూడొందలో నాలుగొందలో ఇచ్చి మెకానిక్ చేత బిగించుకోవడమే మంచిది. బిగించాక ఇవి చూడండి. ముందు బ్రేకు పట్టి సైకిల్ ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ కప్పుల (హ్యాండిల్ కింద ఫ్రేములో ఉండే బేరింగుల) దగ్గర టకటక రాకూడదు, వస్తే కప్పులు వదులు. ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు, పడితే మరీ బిగుతు. చక్రం తిప్పి బ్రేకు రబ్బరుకూ రిమ్‌కూ మధ్య ఖాళీ గమనించండి, రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఊగితే చువ్వలు సరిచేసి బెండు తీయించాలి. చైను మధ్యలో వేలితో ఎత్తితే సెంటీమీటరు పైచిలుకు కదలాలి. బిగుతైతే తొక్కడం బరువు, మరీ వదులైతే ఊడుతుంది. చైన్ కవరు పళ్ళ చక్రాన్ని పూర్తిగా కప్పి ఉండాలి, పరికిణీ అంచులూ బూటు తాళ్ళూ చిక్కుకునేది అక్కడే.

రెండు మూడు వారాల తర్వాత చక్రాల నట్లు, పెడళ్ళు, హ్యాండిల్ బోల్టు, బ్రేకు కేబులు మరోసారి బిగించాలి. కొత్త కేబులు సాగుతుంది, కొత్త చువ్వలు సర్దుకుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో నెలకోసారి చైనుకు నూనె, సీట్ పోస్టుకు పలచగా గ్రీజు పూయకపోతే ఏడాదికి పోస్ట్ ఫ్రేములో తుప్పుతో అతుక్కుపోతుంది. పిల్లాడు ఎదిగినా సీటు లేవదు.

హెల్మెట్‌కు బైకు నడిపేవాళ్ళ ఐఎస్ఐ హెల్మెట్ చిన్న సైజు కొనకండి, ఆ మెడకు అది బరువు. సైకిల్ కోసం చేసిన, ఈఎన్ 1078 (యూరప్ సైకిల్ హెల్మెట్ ప్రమాణం) ముద్ర ఉన్నది తీసుకోండి. కనుబొమలకు రెండు వేళ్ళ పైన తల చుట్టుకొలత తీసి దాని ప్రకారం కొనాలి.

అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుల్లో సగం ధరకు వచ్చే సైకిళ్ళు చాలాసార్లు కొత్తవాటికన్నా మేలు, ఎందుకంటే పిల్లలు సైకిల్ అరిగేలోపే ఎదిగిపోతారు. బీఎస్ఏ, హెర్క్యులస్ రెండూ టీఐ సైకిల్స్‌వే, హీరో సంగతి చెప్పక్కర్లేదు. వాటి విడిభాగాలు చిన్న ఊళ్ళలోనూ దొరుకుతాయి. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, కేబుళ్ళు పాడైనా వెయ్యి రెండు వేలలో కొత్తవి వేయించుకోవచ్చు. పైపు అతుకుల దగ్గర రంగు పొంగి ఉన్నా, సన్నటి గీతలాంటి చీలిక కనిపించినా, పక్క నుంచి చూసినప్పుడు ఫోర్కు వెనక్కి వంగి చక్రం ఫ్రేముకు దగ్గరగా వచ్చినా ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.