జమ్మి దాచినట్టు దాచే సోపతి

దసరా నాడు పొద్దుగూకే వేళ జమ్మి కాడికి పోతాం. ప్రదక్షిణ చేసి, ‘శమీ శమయతే పాపం’ అని రాసిన చీటీ కొమ్మకు కట్టి, ఆకు తెచ్చి పెద్దల చేతిలో ‘బంగారం’ అని పెడతాం. దోస్తులతో అలాయ్ బలాయ్. నాలుగాకుల కోసం కొమ్మలకు కొమ్మలు విరిచి, తెల్లారేసరికి వాటినే కాళ్ల కింద తొక్కుతుంటే ప్రాణం చివుక్కుమంటది. పిల్లలకైతే ఫోన్లో జమ్మి బొమ్మ పంపితే పండుగ అయిపోయినట్టే. ఆ ఆకు ఎవరి చేతిలో పెట్టాలో వాళ్లకు చెప్పేదెవరు?

పాపాన్నివారయతి యోజయతే హితాయ
గుహ్యం నిగూహతి గుణాన్ ప్రకటీకరోతి
ఆపద్గతం చ న జహాతి దదాతి కాలే
సన్మిత్రలక్షణమిదం ప్రవదంతి సంతః

తప్పు నుంచి ఆపడం, మంచికి నడపడం, గుట్టు దాచడం, గుణాలు పదిమందికి చెప్పడం, ఆపదలో విడవకపోవడం, అక్కరకు ఇవ్వడం. మంచి సోపతికి భర్తృహరి చెప్పిన ఈ ఆరు గుర్తులూ జమ్మిలో ఉన్నాయి. విరాటుని ఊరి బయట, శ్మశానం పక్కన నిలబడ్డ ఆ చెట్టుకు పాండవులు గాండీవంతో సహా ఆయుధాలన్నీ అప్పజెప్పి పోయారు. అజ్ఞాతవాసం ఏడాదీ అది గుట్టు విప్పలేదు. గోగ్రహణం నాడు అర్జునుడు ఉత్తరుణ్ని చెట్టెక్కిస్తే, దాచినవి దాచినట్టే చేతికిచ్చింది. గుహ్యం నిగూహతి, దదాతి కాలే. ఇక జమ్మికి ముళ్లంటారా, తప్పుదారిలో అడుగేస్తుంటే గుచ్చి ఆపే సోపతిగాడికీ ఉంటాయి.

పిల్లలకు గుట్టు దాచే ఈ మూడో గుర్తు ముందు పట్టివ్వండి. అన్నం తినేటప్పుడు మెల్లగా అడగండి: “నీ దోస్తు వేరేవాళ్ల ముచ్చట్లు నీకు చెప్తడా?” పక్క బెంచీ పిల్ల ఏడ్చిన సంగతి, ఆమె పంపిన మెసేజీ మీ బిడ్డకు చూపించి నవ్వినవాడు, రేపు మీ బిడ్డ మెసేజీ ఇంకొకరికి చూపిస్తాడు. పరీక్షలో మార్కులు తగ్గిన వారం ఇంకో గుర్తు తేలుతుంది. ఆ వారం నోటుబుక్కు ఇచ్చి పక్కన కూర్చున్నదెవరు, గ్రూపులో మార్కులు పెట్టి ఎగతాళి చేసిందెవరు? ఒక్కరోజు చూసి తేల్చొద్దు, రెండు మూడు నెలలు గమనించనివ్వండి. దోస్తుల్ని ఇంటికి పిలిచి ఇంత అన్నం పెట్టండి, మీకే సగం తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. శ్లోకంలో ‘పాపాన్నివారయతి’ మొదట ఉంది, ‘గుహ్యం’ ఆ తర్వాత. “మీ అమ్మకు చెప్పకు” అంటూ సిగరెట్టు, ఫోన్లో పందెం, ఒంటి మీద చెయ్యి వేసే పనులు దాయమంటే అది గుట్టు కాదు, ఉచ్చు. అది ఆ రోజే ఇంట్లో చెప్పాలని, చెప్తే తిట్లు పడవని ముందే మాటివ్వండి. చెప్పాక మాట తప్పి కొట్టారా, మళ్లీ నోరు విప్పరు. “వానితో తిరగకు” అని ఒక్కసారిగా కట్టడి చేసినా అంతే, సోపతి ఆగదు, చాటుకు పోతుంది. మనిషిని తిట్టకుండా వాడు చేసిన పని గురించి అడగండి.

అన్నిటికంటే ముందు మనం జమ్మి కావాలి. పిల్ల ఏడ్చుకుంటూ చెప్పిన ముచ్చటను బతుకమ్మ కాడ పదిమందిలో చెప్పి నవ్వే తల్లులున్నారు. చెప్పొద్దు తల్లీ, ఆ బిడ్డ అక్కడే నిలబడి వింటుంది.

ఈ దసరాకు పిల్లను వెంట తీసుకపోండి. ఒక్క రెమ్మే తుంచనివ్వండి. పెద్దలకు ఇచ్చినాక మిగిలిన ఆకు ఏ దోస్తు చేతిలో పెట్టాలో తననే ఎంచుకోనివ్వండి, ఎందుకని అడిగి, చెప్పేదాకా ఓపికగా వినండి.