ఫ్లూ తగ్గుతుండగా పంటి నొప్పి: నా అనుభవం

జ్వరం వచ్చిన మూడో రోజు అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంది. కదిలిస్తే టక్కుమని ఊడి, అంచంతా మంట పుట్టింది. నీళ్ళు రెండు గుటకలు వేసినా కాసేపటికే మళ్ళీ నోరు పిడచగట్టుకుపోయేది. ఫ్లూ అంటే జ్వరం, దగ్గు, ఒళ్ళు నొప్పులు అనే తెలుసు నాకు. దాని దెబ్బ నోటి మీద ఇంతగా పడుతుందని అప్పటిదాకా తెలియదు.

ముక్కు దిబ్బడ వల్ల రాత్రంతా నోటితోనే ఊపిరి పీల్చుకున్నాను. దానికి తోడు జలుబు బిళ్ళలు. ముక్కు కారడం ఆపే యాంటీహిస్టమిన్ మందులు చాలావరకు లాలాజలాన్ని కూడా తగ్గిస్తాయట. గొంతు గీరకుండా బుగ్గన ఎప్పుడూ ఒక తియ్యటి బిళ్ళ చప్పరిస్తూ ఉండేదాన్ని. రాత్రి దగ్గు సిరప్ తాగి అలాగే పడుకునేదాన్ని. ఓపిక లేక రెండు రోజులు పళ్ళు కూడా తోముకోలేదు.

ఆరో రోజుకి జ్వరం దిగింది. హమ్మయ్య అనుకునేలోపే పై దవడలో కుడివైపు పళ్ళు సలపడం మొదలైంది. ఏ పన్ను అంటే వేలు పెట్టి చూపించలేను. నమిలితే మూడు నాలుగు పళ్ళు ఒకేసారి నొప్పి. చెప్పులు వేసుకుందామని వంగితే బుగ్గ ఎముక దగ్గర బరువు, ఆపైన పోటు. మెట్లు దిగుతుంటే అడుగడుగుకీ పళ్ళు అదిరేవి. ఆ వైపే చాలా ఏళ్ళ కిందట సిమెంటు పెట్టించుకున్న పన్ను ఒకటి ఉంది. అదే మళ్ళీ పుచ్చింది, రూట్ కెనాల్ తప్పదు అని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఆ టెన్షన్‌తో రాత్రి కన్ను మూతపడలేదు.

పొద్దున్నే పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌కి ఫోన్ చేసి, ఫ్లూ వచ్చి తగ్గుతోందని ముందే చెప్పాను. జ్వరం బిళ్ళ వేసుకోకుండానే ఒక రోజంతా జ్వరం రాకపోతే, మాస్క్ పెట్టుకుని రమ్మన్నారు. మన నోట్లో చేతులు పెట్టి పనిచేసేది వాళ్ళే కదా, ఈ మాట దాచకుండా చెప్పడం మన బాధ్యత.

డాక్టరు గారు చిన్న అద్దం పిడితో ఒక్కో పన్నునీ తట్టారు. "ఇక్కడ నొప్పా? ఇక్కడా?" వరసగా నాలుగు పళ్ళకీ అవుననే అన్నాను. చల్లటి దూది ఆనిస్తే అన్ని పళ్ళూ జివ్వుమన్నాయి, దూది తీయగానే ఊరుకున్నాయి. అలా వెంటనే తగ్గితే లోపలి నరం బాగున్నట్టేనట. తర్వాత తల కిందికి వంచమన్నారు. వంచగానే పోటు పెరిగింది. ఎక్స్‌రే తీసి తెర మీద చూపించారు. "మీ దవడ పళ్ళ వేళ్ళు ఎక్కడిదాకా వెళ్ళాయో చూశారా అమ్మా? వాటి పైన నల్లగా ఉన్నదే సైనస్, అంటే ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది. మధ్యలో ఉన్నది పల్చటి ఎముక."

అప్పుడు అర్థమైంది. జలుబుకి సైనస్ లోపలి పొర వాచి, దారి మూసుకుపోయి, ఒత్తిడి పెరిగింది. దాని కిందే ఉన్న పళ్ళ వేళ్ళకి ఆ నొప్పి దిగింది. సిమెంటు పన్ను చెక్కు చెదరలేదు. ఆ రోజు నేను పట్టుబట్టి ఉంటే ఏ తప్పూ లేని పన్నుని తవ్వించుకునేదాన్నేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

వైరస్ వల్ల వచ్చిన సైనస్ వాపు చాలామందికి పది రోజుల్లోపే దానంతట అదే సర్దుకుంటుందని, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని చెప్పారు. పది రోజులు దాటాక కూడా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరంతో తిరగబెట్టినా, కంటి చుట్టూ వాచినా వెంటనే డాక్టరుకి చూపించాలి. అదే ఒక్క పన్నే నొప్పి పెడుతూ, చల్లదనం తీసేశాక కూడా చాలాసేపు లాగుతుంటే తప్పు పంటిలోనే ఉండొచ్చు.

అయితే అంతటితో అయిపోలేదు. చిగుళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి, తాకితే రక్తం వచ్చింది. పళ్ళ అంచున పాచి పేరుకుంది. పాచిలోని సూక్ష్మజీవులు చక్కెర తిని ఆమ్లం పుట్టిస్తాయి. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరుస్తుంది, పంటి పైన ఉండే గట్టి పొర ఎనామిల్ పోగొట్టుకున్న కాల్షియాన్ని తిరిగి అందిస్తుంది. నోట్లో పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె) సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఎండిన నోట్లో నేను రోజంతా చక్కెర చప్పరిస్తూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి చక్కెర లేని బిళ్ళలు వాడాను. సిరప్ తాగాకే బ్రష్ చేసి పడుకున్నాను. మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు. గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించాను, ముక్కుకి సెలైన్ (ఉప్పునీటి) స్ప్రే వాడాను. తొమ్మిదో రోజు చెప్పుల కోసం వంగితే పోటు లేదు. చిగుళ్ళు మామూలు కావడానికి మాత్రం ఇంకో రెండు వారాలు పట్టింది.

ఈలోపు మా పాపకి ఫ్లూ అంటుకుంది. దగ్గి దగ్గి వాంతి చేసుకుని, నోరు చేదుగా ఉందని వెంటనే బ్రష్ అందుకోబోయింది. ఆపాను. కడుపులోంచి వచ్చిన ఆమ్లానికి ఎనామిల్ మెత్తబడి ఉన్నప్పుడు తోమితే అరిగిపోతుంది. ముందు నీళ్ళతో పుక్కిలింపించాను, అరగంట ఆగాక తోముకోమన్నాను. మంచం పక్కన మూత ఉన్న గ్లాసు నిండా నీళ్ళు పెట్టి, రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా ఒక గుటక తాగించాను.