రోటరీ వారపు సమావేశంలో మన బడిపిల్లలు

మన బడిలో ఒకప్పుడు ఇంటరాక్ట్ క్లబ్బు ఉండేదన్న సంగతి తర్వాతి బ్యాచ్‌లవారిలో చాలామందికి తెలియదు. వ్యాపారులు, వృత్తినిపుణులు సేవాపనుల కోసం కలిసే రోటరీ సంస్థ 12 నుంచి 18 ఏళ్ల వయసు పిల్లల కోసం 1962లో మొదలుపెట్టిన ఈ ఏర్పాటు బరంపురంలో తెలుగు మాధ్యమం బడి దాకా వచ్చిందంటే, మన సైన్సు మాస్టారు ఊరి రోటరీ క్లబ్బులో సభ్యులు కావడమే అందుకు కారణం. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఇంటరాక్ట్ పిల్లల్లో ఇద్దరిద్దరు వంతులవారీగా పెద్దల వారపు సమావేశానికి వెళ్లి, చివరి వరుసలో కూర్చుని, అక్కడ జరిగినదంతా సోమవారం ప్రార్థనవేళ బడికంతటికీ చెప్పాలి. రాత్రి తొమ్మిది దాటాక ఇల్లు చేరడానికి చాలామంది తల్లిదండ్రులు ఒప్పుకునేవారు కారు. మా ఇల్లు ఆ హాలుకు దగ్గర కావడంతో ఆ వంతు తరచుగా నాకే వచ్చేది.

ప్రతి గురువారం రాత్రి ఏడున్నరకు సమావేశం. అధ్యక్షుల వారి ముందు బల్ల మీద ఇత్తడి గంట, పక్కన చిన్న కొయ్యసుత్తి ఉండేవి. ఇరవైనాలుగు పళ్లు, ఆరు ఆకులు గల రోటరీ చక్రం ఆ గంట పీఠం మీద చెక్కి ఉండేది. ముఖ్య అతిథి ఇంకా దారిలోనే ఉన్నా, కుర్చీలు సగం ఖాళీగా ఉన్నా, ఏడున్నర కాగానే సుత్తి దెబ్బ పడేది. పెళ్లి ముహూర్తం తప్ప మరే సమయాన్నీ పట్టించుకోని మన ఊళ్లో అది నాకు వింతగా తోచేది. తర్వాత అందరూ లేచి నిలబడి నాలుగు ప్రశ్నల పరీక్షను ఇంగ్లీషులో చదివేవారు: మనం తలచేది, పలికేది, చేసేది నిజమేనా, సంబంధించిన వారందరికీ న్యాయమైనదేనా, సద్భావాన్నీ స్నేహాన్నీ పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని. దివాలా అంచుకు చేరిన ఒక అల్యూమినియం పాత్రల కంపెనీని నిలబెట్టడానికి హెర్బర్ట్ టేలర్ అనే ఆయన 1932లో రాసుకున్న ప్రశ్నలవి. పట్టుచీరల వ్యాపారులు, వకీళ్లు, వైద్యులు, మందుల దుకాణందారులు ఒడియా, తెలుగు, మార్వాడీ యాసలలో వాటిని ఒకే గొంతుతో చదువుతుంటే వెనక కూర్చున్న మాకు నవ్వు ఆగేది కాదు. మాస్టారు వెనక్కి తిరిగి చూసేవారు.

అతిథుల ఉపన్యాసాలలో ఒక్కటీ నాకు గుర్తులేదు. గుర్తున్నవన్నీ ఉపన్యాసానికి ముందు జరిగే, పైకి నీరసంగా కనిపించే పనులు. కార్యదర్శి కిందటి వారం నిర్ణయాలు చదివి, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో పేరుపేరునా అడిగేవారు. పని చేయనివారు అందరి ముందూ లేచి కారణం చెప్పుకోవాలి. ఆలస్యంగా వచ్చినవారికీ, చక్రం గుర్తు బిళ్ల పెట్టుకోనివారికీ సార్జెంటు, అంటే సమావేశంలో క్రమశిక్షణ చూసే సభ్యుడు, జరిమానా వేసేవారు. పుట్టినరోజు, పెళ్లిరోజు జరుపుకుంటున్నవారు తమంతట తామే జరిమానాల పెట్టెలో డబ్బు వేసేవారు. ఆ పెట్టెలోని మొత్తాన్ని కోశాధికారి రూపాయితో సహా పైకి చదివేవారు. ఊళ్లో ఉత్సవ కమిటీల లెక్కలు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఇక్కడ అడగకుండానే చెప్పడం చూసి మేము ఆశ్చర్యపోయేవాళ్లం. ఆ రోజుల్లో క్లబ్బులో ఒకే ఒక మహిళా సభ్యురాలు ఉండేవారు, స్త్రీల వైద్యురాలు. రోటరీ ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవడానికి 1989 దాకా ఆగిందని ఆవిడే మాకు చెప్పారు, కాస్త కోపంగానే.

పల్స్ పోలియో ఆదివారానికి ముందు సమావేశం మాకు పండుగే. ప్రపంచమంతటా పోలియోను తుడిచిపెట్టే పనిని రోటరీ 1985లో తలకెత్తుకుంది. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో జరుగుతోంది. ఏ కేంద్రానికి ఎవరి కారు, ఐసు ఎవరి బాధ్యత, మధ్యాహ్న భోజనం ఎవరింటి నుంచి అన్నది ఆ గంటలోనే తేలిపోయేది. నేతవీధులలో తెలుగు, ఒడియా రెండూ మాట్లాడగల పిల్లలు కావాలి కనుక మాకు పని దొరికేది. వేడికి మందు చెడిందో లేదో తెలిపేందుకు సీసా మీద ఉండే వలయంలోని చిన్న చతురస్రం రంగు ముదిరి వలయంతో కలిసిపోతే ఆ మందు వేయరాదని వైద్యురాలు చూపించారు. చుక్కలు వేశాక బిడ్డ ఎడమచేతి చిటికెన వేలి గోటికి సిరా పెట్టడం మా వంతు. గింజుకునే పసివాడి వేలు పట్టుకోవడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియోరహితమన్న ధ్రువీకరణ వచ్చింది. ఆ వార్త చదివిన రోజు మన బ్యాచ్‌వాళ్లం ఫోన్లు చేసుకున్నాం.

1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర తుపాను తీరం దాటింది. ఊరంతా చెట్లు, స్తంభాలు కూలి కరెంటు లేదు. అయినా గురువారం ఏడున్నరకు పెట్రోమాక్స్ వెలుగులో గంట మోగింది. ఆ రోజు అతిథి లేరు, ఉపన్యాసం లేదు. అటుకులు, బెల్లం, పాలిథీన్ పట్టాలు, బావుల కోసం బ్లీచింగు పొడి, తాగునీటిని శుద్ధిచేసే హాలోజన్ బిళ్లలు అంటూ జాబితా రాయించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో పేరు పడేదాకా ఎవరినీ లేవనీయలేదు. బట్టలు పోగుచేసే పని మన బడికి వచ్చింది. మన ఇంట్లో మనం కట్టుకోలేనిది మూటలో పెట్టకండి అని కార్యదర్శి గట్టిగా చెప్పారు. చినిగినవి ఏరి పక్కన పడేయడానికే మాకు ఒక మధ్యాహ్నం పట్టింది. అంతలో 29న పారాదీప్ వైపు మహాతుపాను వచ్చింది. మిగిలిన మూటలు లారీలో జగత్‌సింగ్‌పూర్ పంపారు.

వారంవారం కలవడం తప్పనిసరి కాదని, నెలకు రెండుసార్లు చాలునని రోటరీ 2016లో నిబంధన సడలించిందట. నాకది నచ్చలేదు. పదిహేను రోజుల గడువు ఉంటే ఆ తుపాను జాబితాలో సగం పేర్లు జారిపోయేవి.

తుపాను లెక్క చదివినప్పుడు కొంత సొమ్ము మిగిలింది. మన బడి వెనకవైపు రెండు గదుల రేకులు గాలికి ఎగిరిపోయాయని మాస్టారు లేచి చెప్పగా, దానికే ఖర్చు పెట్టాలని తీర్మానించారు. 2000 తర్వాత తొమ్మిదో తరగతి చదివినవారంతా కూర్చున్నది ఆ రేకుల కిందే.