మా తమ్ముడు ఓపెన్ టెన్త్ గట్టెక్కిన కథ (నా అనుభవం)

మావోడు తొమ్మిదిలనే బడి బంద్ చేసిండు. రోజూ కొట్లాటలు, సార్లకు ఎదురు మాట్లాడుడు, నాన్నేమో దుబాయ్‌ల, బడోళ్లు పిలిచినప్పుడల్లా అమ్మ పని ఇడిచిపెట్టి పోయి నిలబడేది, చివరికి టీసీ చేతుల పెట్టిండ్రు. ఎనిమిది దాకా అయితే బడి నుంచి తీసెయ్యొద్దని చట్టం ఉంది, ఆ తర్వాత అడిగేటోడు లేడు. అందరిదీ ఒకటే మాట, వీనికి కంట్రోల్ లేదు అని.

ఓపెన్ స్కూల్ల, అంటే రోజూ బడికి పోకుండ చదివి టెన్త్ పరీక్ష రాసేదాంట్ల, కడదామని నేనే పట్టుబట్టిన. 14 ఏండ్లు నిండితే చాలు, సబ్జెక్టుకు 35 రావాలె, పాసైనయి పాసైనట్టే ఉంటయి, పోయినయి మాత్రమే మళ్ల రాసుకోవచ్చు, ఐదేండ్లల్ల తొమ్మిది చాన్సులు. ఒక్కటి పోతే మొత్తం పోయిందని పుస్తకం ఇసిరికొట్టే పిల్లగానికి ఇది మంచిగ పనిచేసింది.

కూసోబెట్టి చెప్తుంటే నాకు సమజైందేందంటే, వాడు ఎగిరేది సరిగ్గా భాగారం వచ్చినప్పుడే. తొమ్మిది దాకా వచ్చిండు గానీ భాగారం రాదు, బడిల లొల్లులు కూడా ఎక్కువ లెక్కల పీరియడ్‌లనేనట. ఐదో తరగతి పుస్తకం తెచ్చి, దోస్తులు చూస్తే నవ్వుతరని పేపర్ అట్ట వేసి, అక్కడికెల్లి మొదలుపెట్టినం.

మార్ష్‌మాలో టెస్ట్ గురించి వినే ఉంటరు, ముందల పెట్టిన మిఠాయి తినకుండ కొంచెంసేపు ఆగితే రెండోది ఇస్తమంటరు, అట్ల ఆగిన పిల్లగాడు పెద్దయినంక బాగ చదువుతడని. 2018ల ఎక్కువ మంది పిల్లలతోని మళ్ల చూస్తే, ఇంటి పరిస్థితులు లెక్కల కలిపినంక ఆ తేడా చానా తగ్గిపోయింది. నాకైతే ఆశ్చర్యం అనిపియ్యలే, రెండోది నిజంగ ఇస్తరన్న నమ్మకముంటేనే గదా ఎవడైనా ఆగేది.

అందుకే ఓపిక పట్టురా అని చెప్పుడు మానేసినం. పొద్దుగూకంగనే ఫోన్ పక్కింటి చిన్నమ్మ దగ్గర పెట్టుడు. కోపమొస్తే పుస్తకం మూసి బోరింగ్ కాడికి పోయి మొఖం కడుక్కొని వస్త అని వాడే ఒప్పుకున్నడు, మొదట్ల పోయినోడు గంటకు గానీ రాకపోయేది, నేనేమనలే.

సైన్స్ ఒక్కటి పోయింది, మళ్ల రాసి పాసైండు. ఇప్పుడు ఐటీఐల ఎలక్ట్రీషియన్. కోపం పోయిందా అంటే పోలే, మొన్న కూడా బస్సుల సీటు కాడ ఎవరితోనో పెట్టుకున్నడు.

ఎవరన్న మీ పిల్లలకు కట్టేదుంటే టీసీ, పుట్టిన తేదీ కాయితం ముందే తీసి పెట్టుకోండ్రి, మాకు తిరుగుడంతా దానికే అయింది.