సూపర్‌మ్యాన్ చనిపోయిన బుధవారం

లిస్టులో నా పేరు లేదన్నాడు కౌంటర్ దగ్గరున్న కుర్రాడు. నా వెనక నలభై మందికి పైనే నిలబడి ఉన్నారు. తలుపు అవతల, కాలిబాట మీద ఇంకెంతమంది ఉన్నారో తెలీదు. కుర్రాడు మళ్లీ ఒకసారి పేజీలు తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. నాకు ఒళ్లంతా చెమట పట్టింది. బయట మాత్రం చలి గడ్డకట్టించేస్తోంది.

అది 1992 నవంబరు 18, బుధవారం. సూపర్‌మ్యాన్ కామిక్ 75వ సంచిక షాపుల్లోకి వచ్చిన రోజు. ఆ సంచికలో సూపర్‌మ్యాన్ చనిపోతాడని అమెరికాలో అందరికీ అప్పటికే తెలుసు.

నేను ఎమ్మెస్ చేయడానికి హైదరాబాదు నుంచి క్లీవ్‌ల్యాండ్ వచ్చి అప్పటికి మూడు నెలలు. కామిక్స్ పిచ్చి మాత్రం ఆబిడ్స్‌లో పట్టుకున్నది. ఆదివారం షాపులు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, నాన్న తన పుస్తకాలు వెతుక్కుంటుంటే నేనూ తమ్ముడూ కామిక్స్ గుట్ట దగ్గర గొంతుక్కూర్చునేవాళ్లం. ఎక్కడెక్కడో చేతులు మారి వచ్చిన అమెరికా కామిక్స్ అవి. అట్ట ఉన్నది దొరికితే పండగే. చాలావాటికి చివరి పేజీలు ఉండేవి కావు. ఇంటికెళ్లాక ముగింపు మేమే కల్పించుకునేవాళ్లం. తమ్ముడి ముగింపు ఎప్పుడూ ఒకటే: సూపర్‌మ్యాన్ గెలుస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు.

క్లీవ్‌ల్యాండ్ సూపర్‌మ్యాన్ పుట్టిన ఊరని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. గ్లెన్‌విల్ హైస్కూల్లో చదివిన జెర్రీ సీగల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు, ఒకరు కథ రాసి ఇంకొకరు బొమ్మలు వేసి, అతన్ని తయారు చేశారు. 1938లో 130 డాలర్లకి హక్కులన్నీ వదులుకున్నారు. తర్వాత ఎన్నో ఏళ్లు కోర్టుల చుట్టూ, పేదరికంలో గడిపారు. 1975లో తోటి కళాకారులు గట్టిగా అడిగితే గానీ ఏడాదికి 20,000 డాలర్ల పెన్షనూ, కామిక్స్ మీద మళ్లీ వాళ్ల పేర్లూ రాలేదు. నేను కొవెంట్రీ రోడ్డులోని కామిక్స్ షాపుకి మొదటిసారి వెళ్లినప్పుడు గోడ మీద ఒక పేపరు కటింగ్ అంటించి ఉంది. జో షుస్టర్ చనిపోయిన వార్త. ఆయన ఆ జులై 30న లాస్ ఏంజెలెస్‌లో పోయారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆయన గీసిన మనిషి కూడా పోబోతున్నాడన్నమాట. ఆ కటింగ్ గుర్తొస్తే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

సూపర్‌మ్యాన్‌ని చంపుతున్నారన్న వార్త సెప్టెంబరులో పేపర్లకెక్కింది. ఇక ఎక్కడ చూసినా అదే మాట. టీవీల్లో, క్యాంటీన్‌లో, మా ల్యాబ్‌లో కూడా. జీవితంలో కామిక్ ముట్టుకోని మా ల్యాబ్ అసిస్టెంట్ ఆవిడ కూడా "అది ఎక్కడ దొరుకుతుంది?" అని నన్ను అడిగింది. ఒక్కో కాపీ మున్ముందు వేల డాలర్లు పలుకుతుందని, పిల్లల కాలేజీ ఫీజులకి పనికొస్తుందని జనం నిజంగా నమ్మారు. 1938 నాటి మొదటి సూపర్‌మ్యాన్ కామిక్ ఖరీదు విన్నవాళ్లకి అలా అనిపించడంలో వింత లేదు. కానీ ఆ పాత పుస్తకానికి అంత విలువ ఎందుకొచ్చిందంటే, పిల్లలు చదివి చింపేశారు, అమ్మలు చెత్తలో పారేశారు, యుద్ధకాలంలో పాత కాగితాల కింద పోయాయి. అలా పోగా మిగిలినవి కొన్నే. ఇప్పుడు అచ్చవుతున్నవి లక్షల మీద లక్షలు, అందరూ దాచుకోవడానికే కొంటున్నారు. ఈ తేడా నాకు కూడా అప్పుడు తట్టలేదు.

కొనడం ఎలాగో షాపు యజమాని నాకు ఓపికగా చెప్పాడు. షాపులు డిస్ట్రిబ్యూటర్‌కి రెండు మూడు నెలల ముందే ఆర్డర్ పెట్టాలి. డిస్కౌంట్ ఎక్కువే, కానీ మిగిలిపోయినవి వెనక్కి తీసుకోరు. అందుకని ఎంత తెప్పించాలన్నది షాపువాడికి జూదమే. వార్త పేపర్లో వచ్చాక అడిగేవాళ్లు పెరిగిపోయారు కాబట్టి పేర్లు రాసుకుంటున్నాడు, మనిషికి ఒక్క కాపీ. నల్ల సంచిలో సీలు వేసి వచ్చే ప్రత్యేక ముద్రణ రెండున్నర డాలర్లు. పేపర్లు అమ్మే షాపుల్లో దొరికే మామూలు ముద్రణ డాలరూ పావు.

"డెబ్బై అయిదు రూపాయలు పెట్టి చచ్చిపోయే కథ కొంటావురా?" అన్నాడు మా రూమ్మేట్. గుంటూరు అతను, నాకంటే ఏడాది సీనియర్. అప్పుడు డాలరుకి ముప్పై రూపాయల దాకా ఉండేది, మేం ప్రతిదీ రూపాయల్లో లెక్కేసుకునే రోజులు. అయినా ఆ ఉదయం నాకు తన మందపాటి కోటు ఇచ్చి పంపింది అతనే.

లిటిల్ ఇటలీ మీదుగా మేఫీల్డ్ రోడ్డు ఎక్కుతూ వెళ్లాను. పక్కనే లేక్‌వ్యూ శ్మశానం గోడ. షాపు తెరవడానికి ఇంకా గంటన్నర ఉంది, అయినా క్యూ మలుపు దాటింది. నా ముందు ఒక పెద్దాయన ఉన్నారు. గ్లెన్‌విల్ హైస్కూల్లోనే చదివారట, ఆ ఇద్దరి కంటే చాలా ఏళ్ల తర్వాత. మనవడి కోసం వచ్చానన్నారు. కాసేపయ్యాక, "మనవడి కోసమే కాదులే, నా కోసం కూడా" అన్నారు. ఒకమ్మాయి నల్ల రిబ్బను కట్టుకుని వచ్చింది. ఒకతను కాపీలు అయిపోతాయేమోనని కాసేపు, ధర ఎంత పెరుగుతుందని కాసేపు టెన్షన్ పడుతూనే ఉన్నాడు. అందరూ కలిసి చలిలో నిలబడి, పెద్దాయన తెచ్చిన ఫ్లాస్కు కాఫీ కప్పు మూతల్లో పంచుకున్నాం. అమెరికాలో నాకు ముక్కూ మొహం తెలియని వాళ్లతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

తీరా కౌంటర్ దగ్గరకొస్తే పేరు లేదు. నేను ఇంటిపేరు చెప్పాను, వాళ్లు అక్షర క్రమంలో ఆ అక్షరం కింద వెతికారు. సెప్టెంబరులో రాసుకున్నాయన నేను మన పద్ధతిలో ఇంటిపేరు ముందు చెబితే దాన్ని మొదటి పేరనుకుని, నా పేరునే ఇంటిపేరుగా రాసుకున్నాడు. ఆ సంగతి నాకు చటుక్కున తట్టింది గానీ భయంతో ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది. వెనక ఎవరో గొణిగారు. అప్పుడు పెద్దాయన, తన కాపీ తీసుకుని వెళ్లిపోబోతున్నవారు, తిరిగి వచ్చి "ఎస్ కింద చూడు బాబూ, అతనేదో చెబుతున్నాడు కదా" అన్నారు. ఎస్ కింద ఉంది. మూడో పేరు.

నల్ల ప్లాస్టిక్ సంచి, మధ్యలో నెత్తురు కారుతున్న ఎర్రటి ఎస్ గుర్తు. అంతే. ఏ బొమ్మా లేదు. లోపల కామిక్‌తో పాటు ఒక పోస్టరు, చేతికి కట్టుకునే నల్ల పట్టీ, కథలో అతను పనిచేసే డైలీ ప్లానెట్ పత్రికలో వచ్చినట్టు అచ్చేసిన మరణవార్త, స్టాంపులు, ఒక కార్డు ఉంటాయని సంచి మీద రాసి ఉంది. ఆబిడ్స్‌లో అట్టల్లేని కామిక్స్ కొన్న నాకు, ఎవరూ తాకని కామిక్ చేతిలోకి రావడం ఏమిటో చెప్పలేను. కాపీ దొరికిన వాళ్లు బయటికొచ్చి ఒకరికొకరు చూపించుకుంటున్నారు గానీ ఒక్కరూ సంచి చింపలేదు. చింపితే విలువ పోతుంది. నేను కూడా చింపలేదు.

కానీ చదవాలి కదా. పైగా తమ్ముడికి పంపాలి. ఆ సాయంత్రం రెడ్‌లైన్ రైలెక్కి టవర్ సిటీ మాల్‌కి వెళ్లాను. అక్కడ పత్రికల షాపులో మామూలు ముద్రణ రెండే మిగిలాయి. ఒకటి తీసుకున్నాను. ఆ కాపీ అట్ట మీద చిరిగిన ఎర్ర కేప్ కర్రకి తగులుకుని జెండాలా వేలాడుతుంటుంది. తిరుగు రైల్లో మొత్తం చదివేశాను.

డాన్ జర్గెన్స్ రాసి గీసిన ఆ సంచికలో ప్రతి పేజీకీ ఒకే బొమ్మ. అది ఊరికే చేసింది కాదు. ముందు వారాల్లో వచ్చిన మూడు కామిక్స్‌లో ఒకదాంట్లో పేజీకి నాలుగు గళ్లు, తర్వాతి దాంట్లో మూడు, ఆ తర్వాత రెండు, ఇక్కడికొచ్చేసరికి ఒకటి. గడియారం ముల్లు చివరికొస్తున్నట్టు. డూమ్స్‌డే అనే రాక్షసుడూ సూపర్‌మ్యానూ అతనుండే మెట్రోపొలిస్ నగరం వీధుల్లో, డైలీ ప్లానెట్ ఆఫీసు ముందే, ఒకరినొకరు ఆఖరి దెబ్బ కొట్టుకుని పడిపోతారు. అతని ప్రేయసి లోయిస్ అతన్ని ఒళ్లో పెట్టుకుంటుంది. నాకు రైల్లో కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. అలాంటి ముగింపు తమ్ముడూ నేనూ ఎన్నడూ కల్పించుకోలేదు.

దీని వెనకున్న కథ తర్వాత చదివాను. ఆ ఏడాది రచయితలు అనుకున్నది లోయిస్‌తో పెళ్లి. వాళ్లిద్దరి మీద టీవీ సీరియల్ రాబోతోందని పెళ్లి వాయిదా వేయించారు. చేతిలో కథ లేక మళ్లీ కూర్చున్నప్పుడు, ప్రతి సమావేశంలోనూ "చంపేద్దాం" అని సరదాకి అనే జెర్రీ ఆర్డ్‌వే (ఆ రచయితల్లో ఒకరు) మాట ఈసారి నిజంగా పట్టుకున్నారు. వాళ్లు డబ్బు కోసమే చేశారని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. నాలుగు, మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టి గళ్లు గీసినవాళ్లకి ఆ మనిషి మీద ప్రేమ లేదంటే ఎలా నమ్మడం?

డిసెంబరులో సెలవులకి హైదరాబాదు వెళ్తున్న సీనియర్ అన్న సూట్‌కేసులో, రెండు అట్టముక్కల మధ్య పెట్టి కామిక్ పంపాను. జనవరి చివర్లో తమ్ముడి ఉత్తరం వచ్చింది. "అన్నయ్యా, చివరి పేజీ ఉన్న కామిక్ పంపావు, అది చూస్తే ఇలా ఉంది. ఇంకో విషయం. పేజీకి ఒకే బొమ్మ వేసి మనల్ని మోసం చేశారు." నాలుగు పేజీల జవాబు రాశాను.

ఆ వారాంతంలోనే నల్ల సంచి కాపీలకి ముప్పై డాలర్ల దాకా అడిగారు. తర్వాతి ఏడాది నలుగురు కొత్త సూపర్‌మ్యాన్లు వచ్చారు, అసలతను తిరిగొచ్చాడు. తెల్ల సంచిలో వచ్చిన సంచికని షాపులు గుట్టలుగా తెప్పించి అమ్ముకోలేకపోయాయి. దాచుకోవడానికి కొన్న జనం ఒక్కసారిగా మాయమయ్యారు. దేశమంతా షాపులు మూతపడుతూ వచ్చాయి. 1996 చివర్లో కామిక్స్ వేసే పెద్ద కంపెనీ మార్వెలే దివాలా పిటిషన్ వేసింది. నేను కామిక్ కొన్న షాపు అంతకు రెండేళ్ల ముందే మూతపడింది. వెనక్కి తీసుకోరన్న ఆ ఒక్క నిబంధన యజమాని నడుం విరిచింది. అతను నాకు ఎంత ఓపికగా చెప్పాడో తలచుకుంటే ఇప్పటికీ బాధే.

1998లో ఉద్యోగం మారి ఇల్లు ఖాళీ చేస్తూ, సంచిని ఒక డీలర్‌కి చూపించాను. రెండు డాలర్లు ఇస్తానన్నాడు, వెనక తన దగ్గరున్న రెండు పెట్టెలు చూపించాడు, నిండా అవే. అమ్మలేదు. చాలా ఏళ్ల తర్వాత గ్రేడింగ్, అంటే కామిక్ ఎంత బాగుందో పరీక్షించి మార్కులు వేయడం, చేయించుకుందామని కనుక్కుంటే, సంచి తెరిచి కామిక్ బయటికి తీస్తే గానీ పరీక్షించరని తెలిసింది. ఆ పని కూడా మానుకున్నాను.

2022 నవంబరులో హైదరాబాదు వెళ్లినప్పుడు ఆ సంచిని వెంట తీసుకెళ్లాను. తమ్ముడి దగ్గర నేను పంపిన కామిక్ ఇంకా ఉంది. మూలలు అరిగాయి, పిన్నులు తుప్పు పట్టాయి, అట్టకి సెల్లోటేప్. వాడు కత్తెర తెచ్చి నా చేతికిచ్చాడు. "నువ్వే కోయి" అన్నాను. సంచి పైభాగం తిన్నగా కోశాడు. అట్ట మీద సమాధి రాయి. ముప్పై ఏళ్ల నాటి సిరా వాసన వచ్చింది. నల్ల పట్టీ తీసి వాడు చేతికి కట్టుకున్నాడు. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

వాడి కూతురు పక్కన చేరి పేజీలు తిప్పింది. సగం అయ్యాక ఆగింది.

"పెదనాన్నా, పేజీకి ఒకటే బొమ్మ ఎందుకుంది?"

తమ్ముడు నా వైపు చూసి, "నేను చెప్తా" అన్నాడు.