మూడాకుల బొమ్మలో కనిపించనిది

బైపీసీ పిల్లల చేత టీఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలనే ముక్కలను మోసుకొచ్చే ఆర్ఎన్ఏ అణువు) బొమ్మ వేయించేటప్పుడు లెక్చరర్లమందరం మూడాకుల ఆకారాన్నే వేయిస్తాం. మార్కులు దానికే కనుక నేనూ అదే చేస్తాను. ఈ మధ్య దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కాలేజీలో ఒక అమ్మాయి, "సార్, టీఆర్ఎన్ఏకు అమైనో ఆమ్లాన్ని తగిలించడానికి ఎంజైము కావాలి, ఆ ఎంజైము తయారు కావాలంటే మళ్లీ టీఆర్ఎన్ఏ కావాలి కదా, మరి ముందు ఏది వచ్చినట్టు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు మూడాకుల బొమ్మ దారి చూపదు. 1974లో వెలువడిన స్ఫటిక నిర్మాణాల ప్రకారం ఈ అణువు 'ఎల్' అక్షరంలా మడతపడి ఉంటుంది; ఆమ్లాన్ని మోసే సీసీఏ కొస (సీ, సీ, ఏ అనే మూడక్షరాల తోక) ఒక చేతి చివర, కోడాన్‌ను, అంటే ఏ ఆమ్లం కావాలో చెప్పే మూడక్షరాల సంకేతాన్ని, చదివే యాంటీకోడాన్ ఇంకో చేతి చివర, దాదాపు 75 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంలో ఉంటాయి. 1988లో యా-మింగ్ హౌ, పాల్ షిమ్మెల్ సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి చెందిన టీఆర్ఎన్ఏలో 3వ స్థానాన జీ, 70వ స్థానాన యూ అనే ఆర్ఎన్ఏ అక్షరాలు ఉండేలా ఆ ఒక్క జతను మార్చితే, అది అలనీన్ అనే వేరే ఆమ్లాన్ని మోసింది. ఆ మరుసటి ఏడాది, యాంటీకోడాన్ ఉండే చేతిని పూర్తిగా తీసేసి సీసీఏ కొస ఉన్న పై చేతిని మాత్రమే ఇచ్చినా, ఎంజైము దానికి అలనీన్‌ను తగిలించింది. యాంటీకోడాన్‌ను తడిమి చూసే ఎంజైములు చాలానే ఉన్నాయి కనుక దీన్ని రుజువు అనలేను గానీ, పై చేయి పాతది, సంకేతాన్ని చదివే చేయి తర్వాత వచ్చి చేరింది అన్న వాదనే నాకు సబబుగా తోస్తుంది. ప్రోటీన్‌ను తయారుచేసే రైబోజోమ్‌లోనూ పెద్ద భాగం పై చేతిని, చిన్న భాగం యాంటీకోడాన్‌ను పట్టుకుంటాయి. ఆమ్లాలను ఒకదానికొకటి కలిపే పెప్టైడ్ బంధం ఏర్పడే చోట పని చేసేది ఆర్ఎన్ఏయేనని 2000లో తేలింది. తనకు తానే అమైనో ఆమ్లాన్ని తగిలించుకునే ఆర్ఎన్ఏను మైకేల్ యారస్ బృందం 1995లోనే ప్రయోగశాలలో సాధించింది కాబట్టి, ఆ అమ్మాయి చెప్పిన చక్రానికి ప్రోటీన్ ఎంజైముతోనే మొదలు కావలసిన అవసరం లేదు.

ఏ కోడాన్ ఏ ఆమ్లానికో చెప్పే సంకేతావళి గడ్డకట్టిన యాదృచ్ఛికమని, అంటే అనుకోకుండా కుదిరి ఆ తర్వాత మారలేకపోయిందని, 1968లో డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ అన్నాడు. నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు: రెండో అక్షరం యూ అయిన కోడాన్లన్నీ నీటిని తప్పించుకునే ఆమ్లాలకే చెందడం ఉత్త యాదృచ్ఛికంలా లేదు.

మన హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో రాజన్ శంకరనారాయణన్ బృందం పరిశోధిస్తున్న డీటీడీ ఎంజైము సంగతీ పిల్లలకు చెప్పాను. పొరపాటున టీఆర్ఎన్ఏకు తగులుకున్న డీ-అమైనో ఆమ్లాలను (మామూలు ఆమ్లాలకు అద్దంలో ప్రతిబింబాల్లాంటివి) అది ఊడదీస్తుంది, ప్రోటీన్లలో వాడే మామూలు ఎల్-రకాన్ని ముట్టుకోదు. ఈ తనిఖీ అంతా సీసీఏ కొస దగ్గరే జరుగుతుంది, యాంటీకోడాన్ ఏమిటన్నది దానికి పట్టదు.