ఒసాకాలో తాబేలు, తకమత్సులో ఆకువక్కల పెట్టె

వెయ్యి యెన్లు చెల్లించి ఒసాకాలోని ఫుజితా మ్యూజియంలోకి అడుగు పెట్టాక, ఆ చీకటి గదిలో అందరూ మూగి చూస్తున్నది ఒక పింగాణీ తాబేలునని తెలిసి నాకు చిరాకు కలిగింది. ఆకుపచ్చ, పసుపు పూతల ఆ చిన్న తాబేలుకు వీపే మూత. జపనీయుల తేనీటి క్రతువులో నిప్పుల మీద వేసే ధూపద్రవ్యాన్ని దాచుకునే బరిణె అది; దానిని కోగో అంటారు. తయారైనది మాత్రం దక్షిణ చైనాలో. ఇటువంటి బరిణెలకు సుమో మల్లుల వరుసలో, తూర్పు, పడమర పక్షాలుగా హోదాలు కట్టి 1855లో ఒక పట్టిక అచ్చు వేశారు. అందులో తూర్పు పక్షాన అగ్రస్థానం ఈ రకం పెద్ద తాబేలుకే దక్కింది. ఒసాకా వ్యాపారి ఫుజితా దెంజబురో దీనికోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, 1912లో జరిగిన వేలంలో తొంభై వేల యెన్లకు దక్కించుకుని, పది రోజులకే కన్నుమూశాడు. ఆ సంగతి చదివిన తరువాత నా వెయ్యి యెన్ల గురించి సణగడానికి మనసొప్పలేదు.

పక్కనే నిలబడిన ఒక పెద్దావిడ, తాను తేనీటి విద్య నేర్పుతానని చెప్పి, నెమ్మదైన ఇంగ్లీషులో మరో సంగతి వివరించింది. చలికాలంలో నేలలో అమర్చిన పొయ్యి దగ్గర తేనె కలిపి ముద్ద చేసిన ధూపం వాడతారు కనుక పింగాణీ బరిణె కావాలి. వేసవిలో గంధపు చెక్క ముక్కలు వేస్తారు కనుక లక్క బరిణెనో చెక్క బరిణెనో తీస్తారు. "గంధం మీ వైపు నుంచే కదండీ రావాలి" అని ఆవిడ నవ్వింది.

ఆ లక్క మాట పట్టుకునే, లక్క పనికి పేరున్న తకమత్సు అనే ఊరికి వెళ్లాను. ఇక్కడ లక్క అంటే పురుగు నుంచి వచ్చేది కాదు, చెట్టు నుంచి కారే పాలు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఊరి పనివాడు తమకాజి జోకొకు, తాయ్‌లాండ్, బర్మాల నుంచి దిగుమతి అయిన, కిన్మా అనే లక్క పెట్టెలను పరిశీలించి, లక్క పొరలను సన్నని ఉలితో గీసి, ఆ గీతల్లో రంగు లక్క నింపి, అరగదీసి నునుపు చేసే పద్ధతిని సొంతం చేసుకున్నాడు. అయితే ఆ పెట్టెలు పుట్టిన చోట వాటిలో ఉండేవి ఆకు, వక్క, సున్నం. మా నాయనమ్మ ఇత్తడి పెట్టె చేసిన పనే అవీ చేసేవి. ఇక్కడికి వచ్చాక వాటిలోకి తేయాకు పొడి చేరింది.

పాత సామాన్ల దుకాణంలో అటువంటి బర్మా పెట్టె ఒకటి కనిపించింది. అల్లిన వెదురు మీద ఎర్రటి లక్క, అంచు కాస్త చిట్లింది. ధర ఎనభై వేల యెన్లు. అందులో సింహభాగం పెట్టెది కాదట, దాన్ని భద్రపరిచిన మరో చెక్కపెట్టెదట; దాని మూత మీద ఎవరో తేనీటి గురువు సిరాతో నాలుగు అక్షరాలు రాశారు. చెక్కపెట్టె వద్దు, లోపలిది మాత్రమే ఇస్తే ఎంత అని అడిగాను. యజమాని నా వైపు చాలాసేపు చూసి, రెండింటినీ విడదీయడం కుదరదని మర్యాదగానే చెప్పి, మూత బిగించి అరలో పెట్టేశాడు. ఎదురుగా ఉన్న కొట్లో ఉదోన్ అనే లావుపాటి గోధుమ నూడుల్స్ గిన్నె నాలుగు వందల యెన్లు; ఆ ఊళ్లో నేను బేరమాడకుండా కొన్నది అదొక్కటే.